నత్తన్న మీద వేగం కేసు

నత్తన్నకి తొందర అంటే ఏమిటో తెలియదు. చాలా ఏళ్లు సిటీ బస్సు నడిపి, రిటైరయ్యాక స్పీడ్ కెమెరాల ఆఫీసులో స్టాఫ్ వ్యాన్ డ్రైవరుగా చేరాడు. వేగాన్ని పట్టుకునే ఆఫీసుకి ఇంతకంటే తగిన మనిషి దొరకడని అందరూ ఒప్పుకుంటారు, ఆ వ్యాన్ ఎక్కనంతవరకు. ఎక్కాక మాత్రం సైకిళ్లు బెల్లు కొట్టి మరీ దాటిపోతుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

“అన్నా, కాస్త తొక్కవూ?” అనేది ఇంజినీరమ్మ.

“తొక్కుతూనే ఉన్నానమ్మా.”

“ఏది, బ్రేకా?”

ఈ ఇంజినీరమ్మే ఆఫీసులో కంప్యూటర్‌కి పాఠాలు చెప్పేది. వేలకొద్దీ రోడ్డు ఫొటోలు చూపించి, ఏ బండి వేగంగా పోతోందో, ఎవరికి జరిమానా నోటీసు పంపాలో దానంతట అదే తేల్చుకునేలా నేర్పుతోంది. కొత్తలో ఆ కెమెరా నత్తన్న వ్యాన్‌ని చూసి “ఆగి ఉన్న వాహనం” అని రాసింది. ఆమె తల పట్టుకుంది. నత్తన్న మాత్రం పొంగిపోయాడు.

“నా డ్రైవింగ్‌లో ఉన్న నిదానం దీనికొక్కదానికే అర్థమైందమ్మా!”

కెమెరాని పరీక్షించడానికి కమిటీ వచ్చింది. తప్పు చేయనివాడికి ఒక్క నోటీసు పోయినా కెమెరాలు పీకేసి గోడౌన్‌లో పడేస్తామని ఆఫీసు పెద్దసారు ముందే చెప్పేశాడు. కాసేపటికి, పొద్దున రోడ్డు మీద తీసిన ఫొటోల్లోంచి తెర మీద మొదటి నోటీసు పడింది. అతివేగం. ఆఫీసు స్టాఫ్ వ్యాన్.

ముందు టీ తెచ్చినతను కిసుక్కుమన్నాడు. తర్వాత గది గదంతా పడీపడీ నవ్వింది. ఫొటోలో వ్యాన్ పక్కన దూసుకుపోతున్న మోటార్ సైకిల్ చక్రం కొంచెం కనబడుతోంది. దాని వేగాన్ని కెమెరా వ్యాన్‌కి అంటగట్టింది.

గుమ్మం దగ్గర నిలబడ్డ నత్తన్న చెయ్యెత్తాడు. “నిజమేనండీ. ఏదో ఖాళీ రోడ్డు కదాని తొక్కేశాను.”

“నువ్వా!” అన్నాడు పెద్దసారు. “నీ బండెక్కి నేను రైలు అందుకోలేకపోయాను కదయ్యా!”

“అవాళ ఒంట్లో బాగాలేదండీ.”

ఇంజినీరమ్మ నోరు మూసుకుంటే గండం గట్టెక్కేది. ఆమె లేచి నిలబడింది.

“ఆయన అబద్ధం చెప్తున్నారు సార్. తప్పు కెమెరాది. దానికి సరిగ్గా నేర్పనిది నేను.”

పెద్దసారు నవ్వడం మానేశాడు. “ఈయన కాబట్టి మనకి తెలిసింది. ఇంకొకడైతే చచ్చినట్టు జరిమానా కట్టేవాడు. ఒక్క అవకాశం ఇస్తాను. మళ్లీ నేర్పమ్మా. అప్పటిదాకా ఒక్క నోటీసు బయటికి పోకూడదు.”

నేర్పాలంటే పక్కపక్కనే ఒకటి నెమ్మదిగా, ఒకటి జోరుగా పోతున్న బండ్ల ఫొటోలు బోలెడు కావాలి. నత్తన్న వ్యాన్ తీసుకుని కెమెరా కింద అటూ ఇటూ తిరిగాడు. ఊరు ఊరంతా ఆయన్ని దాటిపోయింది. బస్సులు దాటాయి, స్కూటర్లు దాటాయి, చెత్తబండి కూడా హారన్ కొట్టి దాటింది. ఎవరి వేగం ఎవరిదో కంప్యూటర్‌కి మెల్లగా తెలిసొచ్చింది. రెండో పరీక్షలో దూకుడుగా పోయినవాళ్లకే నోటీసులు పడ్డాయి, పక్కన పోయినవాళ్ల జోలికి అది వెళ్లలేదు. పెద్దసారు అక్కడికక్కడే సంతకం పెట్టేశాడు.

సాయంత్రం వ్యాన్ గేటు దాటుతుంటే వెనక నుంచి ఎవరో పరిగెత్తుకొస్తున్నారు. ఇంజినీరమ్మ తొంగిచూసి కంగారుపడింది.

“అన్నా, ఆపు! పెద్దసారు! కారు చెడిపోయినట్టుంది!”

నత్తన్న ఆపలేదు. ఇంకాస్త నెమ్మది చేశాడు.

“ఆపి కూర్చున్నామనుకో, అందరినీ ఆపేశానని తలొంచుకుని ఎక్కుతారమ్మా. అదే మెల్లగా పోతుంటే, పరిగెత్తి అందుకున్నానని తలెత్తుకుని ఎక్కుతారు. బస్సు నడిపినన్నాళ్లూ నేను చేసిందిదే.”

రోజూ పొద్దున్నే వీధి చివరి దాకా పరిగెత్తి ఈ వ్యాన్ అందుకునేది ఇంజినీరమ్మే. ఆ సంగతి ఇంట్లో గొప్పగా చెప్పుకునేది కూడా.

“అంటే... రోజూ నేను...”

“నీ పరుగూ మంచి పరుగేలేమ్మా,” అన్నాడు నత్తన్న, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

ఆమెకి సిగ్గేసింది, ఆయన మీద బోలెడు ఇష్టమూ కలిగింది. ఇంతలో పెద్దసారు తలుపు అందుకున్నాడు. అప్పుడు బ్రేకు పడింది. ఆయన రొప్పుతూ ఎక్కి సీట్లో కూలబడ్డాడు. మొహం వెలిగిపోతోంది.

“చూశావామ్మా? ఈ వయసులో కూడా అందుకున్నాను!”

“మాటలా సార్!” అంది ఇంజినీరమ్మ. “ఈ అన్న అసలే గాలిలా తోలుతాడు.”