పన్నె కోసం ఓడెక్కాను

పెళ్లయిన ఏడాదికి మా ఆయనకు మారిషస్‌లో తెలుగు పంతులుద్యోగం దొరికింది. ఆయన ముందుగా విమానంలో వెళ్లి, నన్నూ అట్లాగే రమ్మని ఉత్తరం రాశాడు. "బొంబాయిల ఎక్కితే తెల్లారేసరికి ఈడుంటవ్" అని. ఆ ఉత్తరం మడిచి మా నాయిన చేతిలో పెట్టి, నేను ఓడలోనే పోతానన్నాను.

నకిరేకల్ దగ్గర మాది నేతపని ఇల్లు. మగపిల్లలు లేరని నాయిన నన్ను చిన్నప్పుడే గుంట మగ్గంలోకి దింపాడు. మగ్గం కట్టెలు ఏ దేశపు వడ్రంగైనా చెక్కి ఇస్తాడు. పన్నె సంగతి వేరు. దువ్వెన లాంటి ఆ పన్నెలోంచి నిలువున సాగే పడుగు పోగులన్నీ ఒక్కొక్కటిగా దూరి ఉంటాయి. నేసిన బట్ట కోసుకున్నా ఆ పోగుల కొసలను మేం తీసెయ్యం, మూరెడు పొడవున వదిలేస్తాం. కొత్త పడుగు రాగానే ఆ కొసలకే ఒక్కో పోగూ ముడివేసి అతుకుతాం. కొసలు జారిపోయాయా, మళ్లీ మొదటినుంచీ పోగులన్నీ పన్నెలో దూర్చాలి. అవతల అందించేవాళ్లొకరు, ఇవతల లాగేవాళ్లొకరు కావాలి. ఆ దేశంలో నాకు అందించేదెవరు? మా ఆయనకు సుద్దముక్క పట్టడం తప్ప పోగు ఏ కొస పట్టాలో తెలియదు.

పన్నె వంగదు, పెట్టెలో పట్టదు. విమానంలో దానికి జాగా లేదన్నారు. ఓడలో ఉందన్నారు.

"అన్ని నీళ్ల మీద ఆడిపిల్లవు ఒక్కదానివి! ఏం మొండితనమే నీది?" అంది అమ్మ.

"ఒట్టి చేతుల్తోటి కూసుంటె నాకు పిచ్చి లేస్తదమ్మా. పన్నె వస్తెనే నేను పోత."

బయల్దేరే ముందురోజు నాయిన చిక్కగా గంజి కాచి, పన్నెలోని కొసలకు రెండుసార్లు పట్టించి, ఆరబెట్టి, పాత చీరలో చుట్టాడు. "దారి దూరం బిడ్డా, పోగు గట్టిగుండాలె. జర పైలం" అన్నాడు. బొంబాయి దాకా వచ్చి ఓడెక్కించాడు.

మూడు రోజులు వాంతులతోనే సరిపోయింది. నాలుగో రోజు లేచి మూట విప్పితే పులిసిన వాసన గుప్పుమంది. గంజి చెమ్మకు మెత్తబడి బూజు పట్టింది. ఎడమవైపు బొద్దింకలు చేరి గంజి కోసం పోగులను కొరికేశాయి. కొన్ని కొసలు బెత్తెడే మిగిలాయి, లాగితే పన్నె దాటి పోతాయి. అయ్యో నాయినా! మా ఊళ్లో గంజి పెట్టిన పోగు ఏళ్లకేళ్లు ఉంటుంది. సముద్రపు చెమ్మ సంగతి మాకేం తెలుసు? కూలబడి ఏడ్చాను. ఏడుపయ్యాక ఒళ్లు మండింది. బొద్దింకల చేతిలో ఓడిపోయి దిగుతానా నేను?

ముందు గంజి కడగాలి. ఉప్పునీళ్లు పనికిరావు, మంచినీళ్లు పూటకొక చెంబే ఇస్తారు. నా చెంబు పన్నె మీద ఒంపేశాను. పక్క పడక గుజరాతీ ముసలమ్మ చూసి, పిచ్చిదానా, దాహంతో చస్తావని హిందీలో తిట్టింది. నాకొచ్చిన ఉర్దూలో సంగతంతా చెప్పాను. ఆమె గొణుక్కుంటూనే తన చెంబులో సగం పోసింది. మర్నాటినుంచి పన్నె ఒక పక్క ఆమె పట్టుకునేది, ఇద్దరం పైకి తీసుకెళ్లి ఎండలో ఆరబెట్టేవాళ్లం. కొరికిన ప్రతి కొసకూ నా దగ్గరున్న నూలు ముడివేసి పొడుగు చేశాను. ఓడ ఊగినప్పుడల్లా పోగు చేయి తప్పేది, మళ్లీ పట్టేదాన్ని. నడుం పట్టేసింది, కళ్లు నీళ్లు కారాయి. రేవు కనబడే నాటికి ఒక్క పోగు కూడా పన్నె దాటి పోలేదు.

రేవులో మా ఆయన నోరు తెరిచాడు. "గీ కట్టె కోసమా ఇన్ని దినాలు సముద్రం మీదున్నవ్?"

"అవ్. పట్టు, కింద పడెయ్యకు" అన్నాను.

మగ్గం చేయించి, గుంట తవ్వించి, కొత్త పడుగును ఆ కొసలకు అతికాను. మొదట నేసిన జానెడు బట్ట నిండా ముళ్లే ఉంటాయి. ఇంటి దగ్గరైతే కోసి పారేస్తాం. నేను దాన్ని నాయినకు పంపాను, ఓడలోనే. గంజి మాట మాత్రం రాయలేదు. అంత ప్రేమగా పెట్టిన గంజే పోగులను బొద్దింకలకు తినిపించిందని తెలిస్తే ఆయనకు ముద్ద దిగదు.

కొన్ని నెలలకు జవాబొచ్చింది.

"బిడ్డా, బట్ట అందింది. నేత మంచిగున్నది. కుడిపక్క పోగుకొక్క ముడే ఉన్నది. ఎడమపక్క రెండేసి ఉన్నయ్. కొసలు పురుగు కొట్టినట్టున్నది. గంజి పెట్టింది నేనే గద. అన్ని ముళ్లు ఒక్కదానివే ఎట్ల ఏసినవ్ బిడ్డా?"

ఓడలో ఏడ్చినదానికంటే ఎక్కువ ఏడ్చాను. కళ్లు తుడుచుకుని మళ్లీ మగ్గంలోకి దిగాను.