జెల్మీరా అత్త వేసిన నలుపు

మా జెల్మీరా అత్త చేతులు మోచేతుల దాకా నల్లగా ఉండేవి. పుట్టుకతో వచ్చిన నలుపు కాదు, పనితో వచ్చింది. సెక్కియా ఏటి ఒడ్డున మా తాత పెట్టిన అద్దకం కొట్టులో పద్నాలుగో ఏట అడుగు పెట్టింది, డెబ్భై మూడో ఏట బయటికి వచ్చింది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, ఈ చేతులు చూస్తే దుప్పట్లు పాడవుతాయని మగవాళ్లకు భయం అనేది. అసలు సంగతి, తాతను చూసుకోవడానికి ఇంకెవరూ లేరు.

ఆ తాత సంగతి ముందు చెప్పాలి. 1921లో నల్లచొక్కాల ఫాసిస్టు గుంపొకటి లారీలో వచ్చి, సహకార సంఘంలో ఉన్నాడన్న నేరానికి ఆయన్ను కుర్చీకి కట్టేసి లీటరు ఆముదం తాగించింది. ముక్కు మూసి నోట్లో గరాటు పెట్టినవాడు వాస్కో బెల్లెంతానీ, మా వీధి చివరి పాలవాడి కొడుకు. ఆ తర్వాత తాతకు తిన్నది ఒంటబట్టలేదు. మూడేళ్లు మంచంలో తీసుకొని పోయాడు. ఆ మూడేళ్లూ ఆయన గుడ్డలు ఉతికింది అత్తే. నల్లచొక్కాలు మంచివాళ్లా చెడ్డవాళ్లా అన్న చర్చ మా ఇంట్లో ఎప్పుడూ రాలేదు.

బెల్లెంతానీ పైకొచ్చాడు. అలాంటివాళ్లు వస్తారు. నలభైలో యుద్ధం మొదలయ్యేసరికి మా జిల్లా నల్లచొక్కాల దండుకు వాడే పెద్ద. ఆ దండుకు ఒక నంబరు, ఒక ఘనమైన పేరు ఉండేవి. గుర్తుంచుకోవలసిన అవసరం నాకు కనబడలేదు. సర్కారు దగ్గర తుపాకులు సగం, బూట్లు సగం, చొక్కాలు అసలే లేవు. ఎవరి చొక్కా వాళ్లు తెచ్చుకోండి, రంగు మేము వేయిస్తాం అన్నారు. అలా మూడు వందల చొక్కాలు మా కొట్టు ముందు కుప్పపడ్డాయి. పెళ్లినాటి చొక్కాలు, తండ్రుల పాత చొక్కాలు, ఒకటైతే ఎవరిదో ఆడమనిషి జాకెట్టు. అన్నీ నాలుగు రోజుల్లో కావాలన్నాడు బెల్లెంతానీ.

నలుపు అంటే ఏదో బొగ్గు పూసినట్టు అనుకుంటారు. రంగు చెక్క ఉడికించిన నీళ్లలో ముంచాలి, ఇనుప నీళ్లలో ముంచాలి, చివరికి రంగు కారకుండా పట్టి ఉంచే కషాయంలో ఒక రోజంతా నానబెట్టి, ఏట్లో మూడుసార్లు జాడించి నీడన ఆరేయాలి. వారం పడుతుంది. నాలుగు రోజుల్లో నలుపు పడుతుంది గానీ నిలవదని అత్త నలుగురి ముందూ చెప్పింది. వాడు వినలేదు. అత్త సరేనని, కషాయం మానేసింది, జాడించడం మానేసింది.

దండు ఆ శీతకాలం అల్బేనియా కొండల్లోకి పోయింది. అక్కడ వాన, మంచు, బురద, ఎదురుగా గ్రీకులు. మొదటి వానకే చొక్కాలు కారాయి. మెడలు, చంకలు, వీపులు అన్నీ నల్లబడ్డాయి. సబ్బు పెట్టి రుద్దితే సబ్బు నల్లబడింది. ఇంటికి రాసిన ఉత్తరాల్లో ఎవరో, మేము దేశం కోసం బొగ్గుగనిలో దిగాం అని రాశాడు. ఊరంతా పొట్ట పట్టుకొని నవ్వింది. సెలవు మీద వచ్చిన బెల్లెంతానీ కొట్టు మీదికి వచ్చి అరిచాడు. అత్త చేతులు తుడుచుకుంటూ, "నాలుగు రోజుల్లో నిలవదని చెప్పానా లేదా? అడగండి, అందరూ విన్నారు" అంది. సాక్షులున్నారు. వాడు మింగలేక కక్కలేక పోయాడు. నేను కూడా నవ్వాను, అబద్ధమెందుకు!

కానీ ఆ కొండల నుంచి సగంమందే తిరిగొచ్చారు. వారానికో తల్లి, వారానికో పెళ్లాం సంతాపపు బట్టలు వేయించుకోవడానికి మా కొట్టుకు వచ్చేవాళ్లు. ఆ బట్టలకు మాత్రం అత్త వారం పట్టించేది. ఎంత తొందరపెట్టినా ఒక్క మునక తగ్గించేది కాదు.

నలభై మూడులో సర్కారు కూలింది. దండు చెదిరిపోయింది. పీడ విరగడైందనుకున్నాం. సెప్టెంబరులో జర్మన్లు దిగారు, దండు మళ్లీ లేచింది. ఈసారి ఇష్టపడి చేరేవాళ్లు దొరకలేదు. ఇళ్లకు పిలుపు కార్డులు వచ్చాయి. కుర్రాడు రాకపోతే తండ్రిని పట్టుకుపోయేవాళ్లు. నలభై నాలుగు శరదృతువులో బెల్లెంతానీ మళ్లీ చొక్కాలు పంపాడు, ఈసారి అరవై. అత్త మళ్లీ కషాయం మానేసింది.

చొక్కాలు వెళ్లిపోయిన పన్నెండో రోజున మా తమ్ముడు ఎర్మెస్‌కు కార్డు వచ్చింది. పక్కింట్లో రొట్టెలు కాల్చే నోర్మా కొడుకు క్వింతోకు కూడా అదే రోజు వచ్చింది. క్వింతో పారిపోదామనుకున్నాడు, కానీ వాళ్ల నాన్నను అప్పటికే తీసుకుపోయి కూర్చోబెట్టారు. ఇద్దరూ కలిసే వెళ్లారు. ఆ ఆదివారం ఎర్మెస్ నల్లచొక్కా వేసుకొని ఇంటికి వచ్చినప్పుడు అత్త వాడి కాలరు పట్టుకొని వేళ్లతో నలిపి చూసింది. మొక్కజొన్న సంకటి పళ్లెంలో పెట్టి వాడి ముందు తోసింది.

నలభై అయిదు ఏప్రిల్ ఆఖర్లో దండు పని అయిపోయింది. బెల్లెంతానీ పేర్ల చిట్టాలన్నీ తగలబెట్టి, కారెక్కి మిలాను వైపు పోయాడు. కుర్రాళ్లు చొక్కాలు బావుల్లో పారేసి ఇళ్ల దారి పట్టారు. ఎర్మెస్, క్వింతో ఏటి అవతలి పిండిమర దాకా కలిసి వచ్చారు. క్వింతో బూట్లకు అడుగులు లేవు, ఏట్లో దిగలేనన్నాడు, వంతెన దారి పట్టాడు. మా వాడు ఏటికి అడ్డంపడి నడిచొచ్చాడు. వంతెన దగ్గర, ఇన్నాళ్లూ దండుతో పోరాడి కొండల నుంచి దిగిన దళమొకటి కాపలా ఉంది. వాళ్లది అవతలి లోయ. మా ఊరివాళ్ల మొహాలు వాళ్లకు తెలియవు, మెడల సంగతి తెలుసు. కాలరు విప్పమనడం, మెడ నల్లగా ఉంటే లారీ ఎక్కించడం.

ఎర్మెస్ మధ్యాహ్నం ఇల్లు చేరాడు. ఒంటి మీద ఎవరిదో కోటు. కోటు విప్పితే గొంతు దగ్గర నుంచి రొమ్ము దాకా నలుపు. మరునాడు పది గంటలకు మా ఊరి మగవాళ్లంతా చౌకులోకి రావాలని అప్పటికే దండోరా అయింది. అక్కడా మెడలే చూస్తారట.

అత్త కొట్టులోంచి సిరా మరకలు తీసే పులుపు ఉప్పు సీసా తెచ్చింది. వేడినీళ్లలో కలిపి వాణ్ణి రుద్దడం మొదలుపెట్టింది. చర్మం ఎర్రగా లేచింది, వాడు పళ్లు బిగించి కూర్చున్నాడు. నలుపు కాస్తా బూడిదరంగైంది, బూడిదరంగు పోయింది. పొద్దు వాలేసరికి సీసా ఖాళీ, మెడ తెల్లన. నేను సంతోషంతో ఏడ్చాను. అప్పుడే మరవాడు వచ్చి, క్వింతోను వంతెన దగ్గర లారీ ఎక్కించారని నోర్మాకు చెప్పాడు. గోడకు అవతల ఆమె అడిగిన మాట మాకు వినబడింది. ఎక్కడికి తీసుకెళ్లారు, అంతే అడిగింది. మరవాడికి తెలియదు.

అత్త ఖాళీ సీసా వైపు చూస్తూ కూర్చుంది. తర్వాత ఆ కషాయం సంగతి నాతో మొదటిసారి చెప్పింది. తొందరపడి కాదట, కావాలనే మానేసిందట, రెండుసార్లూ. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టు ఉందే అత్తా నీ పని, అన్నాను. అవునంది. రేపు చౌకులో చెబుతానంది. నాకు ఒళ్లు మండింది. మన వాడు బయటపడ్డాడు, ఇప్పుడు నోరు విప్పితే వాడి మెడకూ చుట్టుకుంటుంది, నోరు మూసుకో అని కేకలేశాను. ఊళ్లో ఇంకా పదహారు మెడలున్నాయే, ఉప్పు లేదు అంది.

మరునాడు చౌకులో ఉన్నది ఇంకో దళం, దానికి నాయకుడిగా నిలబడ్డవాడు లీబెరో. మా ఊరివాడే, చెప్పులు కుట్టేవాడు. వాడి అన్నను ఆ దండే కాల్చి చంపింది. పదహారుమందిని అప్పటికే పక్కకు నిలబెట్టారు. తల్లులు తాడు అవతల ఉన్నారు. నోర్మా కూడా ఉంది, క్వింతో పిలుపు కార్డు రెండు చేతులతో పట్టుకొని. అత్త తాడు ఎత్తి లోపలికి నడిచింది.

"ఒరే లీబెరో, మెడ నల్లగా ఉన్నవాణ్ణి లారీ ఎక్కిస్తే, మోచేతుల దాకా నల్లగా ఉన్న నన్నెక్కడ ఎక్కిస్తావు?"

పక్కకు పొమ్మన్నాడు లీబెరో. ఆమె పోలేదు. ఆ రంగు కారేలా వేసింది తనేనని, ఆ మరకను బట్టి ఎవడు ఇష్టపడి చేరాడో, ఎవణ్ణి ఈడ్చుకెళ్లారో తెలియదని చెప్పింది.

"కావాలనే చేశావా?"

"కావాలనే. మా నాన్న చేత ఆముదం తాగించినవాళ్ల ఒళ్లు నల్లబడాలని చేశాను. పిల్లల ఒళ్లు నల్లబడింది."

"ఈ మాట నిన్న వంతెన దగ్గర చెప్పి ఉండొచ్చుగా?"

"నిన్న నా మేనల్లుడి మెడ కడుగుతున్నాను" అంది అత్త.

ఎర్మెస్ తనంతట తాను వెళ్లి ఆ పదహారుమంది పక్కన నిలబడ్డాడు. లీబెరో చాలాసేపు ఆమె చేతులు చూశాడు. చివరికి, ఈడ్చుకెళ్లినవాళ్లకు పిలుపు కార్డు వచ్చి ఉంటుంది, గంటలో తెచ్చి చూపించమన్నాడు. తల్లులు పరుగెత్తారు. నేనూ పరుగెత్తాను. కార్డు చూపించినవాళ్లు పదిహేనుమంది, ఎర్మెస్‌తో కలిపి. వాళ్లను ఇళ్లకు పంపించాడు. చూపించలేని ఇద్దరినీ నగరంలో విచారణకు పంపారు. నోర్మా కూడా కార్డు చాపింది. లీబెరో దాన్ని తీసుకొని రెండు వైపులా చదివి, తల వంచుకొని తిరిగి ఇచ్చేశాడు.

క్వింతో నెల తర్వాత ఒక కాలువలో దొరికాడు. కాలికున్న మేజోళ్లను బట్టి నోర్మా గుర్తుపట్టింది, అవి ఆమె అల్లినవే.

ఆ వారమే నోర్మా తన గోధుమరంగు ఉన్ని గౌను చేతి మీద వేసుకొని మా కొట్టుకు వచ్చింది. నగరంలో వేరే అద్దకంవాళ్లు ఉన్నారు, బస్సు కూడా మళ్లీ తిరుగుతోంది. అయినా ఇక్కడికే వచ్చింది. అత్త బానలో చేతులు అలాగే ఉంచి నిలబడిపోయింది. నోర్మా గౌను బల్ల మీద పరిచి, ముడతలు సాపు చేసింది.

"జెల్మీరా, ఇది మాత్రం కారకుండా వెయ్యి."

అత్త వారం పట్టించలేదు, రెండు వారాలు పట్టించింది. ఎన్నిసార్లు ముంచిందో, ఏట్లో ఎన్నిసార్లు జాడించిందో నేను లెక్కపెట్టలేదు. డబ్బు తీసుకోనంది, నోర్మా బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. ఆ గౌను నోర్మా ఇరవై ఆరేళ్లు తొడిగింది. వానలో తడిసినా, పొయ్యి ముందు చెమట కారినా ఒక్క చుక్క దిగలేదు. ఆమెను దాంట్లోనే పూడ్చారు.