పౌనే తీన్ గజాలు

మొన్న పొద్దున జహీరాబాద్ బస్టాండు ఎదురుగా ఉన్న హోటల్లో చాయ్ తాగుతూ పేపరు తిరగేస్తుంటే, జిల్లా పేజీలో మా ఊరి సర్కారు హైస్కూలు పదో తరగతి ఫలితాలు కనిపించాయి. ఎంతమంది గట్టెక్కారు, ఎంతమంది తప్పారు, తప్పినవాళ్ళు ఏయే వాడల నుంచి, ఎలాంటి ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళు అన్నదంతా గళ్ళు గీసి మరీ వేశారు. పక్క కుర్చీలో కూర్చున్న ఒక పెద్దమనిషి, పెద్దమనిషంటే నాకంటే ముప్ఫై ఏళ్ళు చిన్నవాడే లెండి, నా భుజం మీదుగా అది చూసి, "గా బడికి అసొంటోళ్ల పిల్లలే వస్తరు సార్, గింతకన్న ఏం పాసయితరు" అని ఒక్క మాటలో తేల్చేశాడు. నాకు ఒళ్ళు మండింది. ఎనభై దాటిన వయసులో హోటల్లో కూర్చుని గట్టిగా అరవడం మర్యాద కాదని మా కోడలు ఎన్నోసార్లు చెప్పింది, అయినా అరిచాను. ఎందుకంటే సరిగ్గా అదే మాట నలభైలలో, అదే బడిలో, నా నోటితో నేనే అన్నాను.

అవి నిజాం ప్రభువుగారి రోజులు. మన వయసు వాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు, ఇంట్లో ఏ భాష మాట్లాడినా బడిలో చదువంతా ఉర్దూలోనే. కోహీర్ పక్క పల్లెలో పుట్టిన నేను హైదరాబాదులో చదువుకుని, షేర్వానీ గుండీలు మెడదాకా బిగించుకుని, ఆ బడిలో లెక్కల పంతులుగా చేరేనాటికి నాకు ఇరవై రెండేళ్ళు. ఉర్దూ నాలుక చివరన ఆడేది, ఆ గర్వమూ తలకెక్కి ఉండేది. నాకు అప్పజెప్పిన ఆరో తరగతిలో నలభై మంది ఉండేవారు. కచేరీ ఉద్యోగుల పిల్లలు ఇంట్లోనూ ఉర్దూయే మాట్లాడేవారు, బజారులో వ్యాపారం చేసుకునే మరాఠీ కుటుంబాల వాళ్ళు కొందరు, బీదరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన కన్నడం వాళ్ళు కొందరు, మిగిలినవాళ్ళు చిరాగ్‌పల్లి లాంటి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి సద్దిమూట పట్టుకుని నడిచి వచ్చే తెలుగు పిల్లలు. ఆటల్లో మాత్రం నాలుగు భాషలూ కలిపి తిట్టుకునేవారు, ఆ తిట్లలో ఎవరూ ఎవరికీ తీసిపోయేవారు కాదు.

అర్ధ సంవత్సర పరీక్షలో నేనొక లెక్క ఇచ్చాను. ఒక షేర్వానీకి పౌనే తీన్ గజాల బట్ట పడుతుంది, పన్నెండు షేర్వానీలకు ఎంత బట్ట కావాలి? పౌనే తీన్ అంటే పావు తక్కువ మూడు, అంటే రెండూ ముప్పావు, కాబట్టి జవాబు ముప్ఫై మూడు గజాలు. కాగితాలు దిద్దుతుంటే ఒకడు నలభై ఐదు అని రాశాడు, ఇంకొకడూ నలభై ఐదే, అలా పధ్నాలుగు కాగితాల్లో అదే తప్పు, అదే అంకె. పధ్నాలుగు మంది వేరువేరుగా తప్పు చేస్తే పధ్నాలుగు రకాల తప్పులు రావాలి గదా అనుకున్నాను. ఒకరిని చూసి ఒకరు రాశారని నిశ్చయించుకుని, పధ్నాలుగు పేర్లూ జాబితా రాసి హెడ్మాస్టరుగారికి ఇచ్చాను. ఇచ్చి ఊరుకున్నానా, పల్లెటూరి పిల్లలు, వీళ్ళకు చదువెక్కడ అబ్బుతుంది అని పదిమంది పంతుళ్ళ ముందు నవ్వాను కూడా. కాపీ కొట్టినవాళ్ళ పేర్లు రిజిస్టరులోంచి కొట్టేయడం అప్పటి రివాజు. పేరు పోతే మళ్ళీ చేర్చుకునే బడి ఆ చుట్టుపక్కల లేదు. శనివారంలోగా ఆ పేర్లు కొట్టేస్తామని నోటీసు అంటించారు.

మర్నాడు తెల్లవారుతూనే ఒకాయన మా ఇంటి ముందుకు వచ్చాడు. అల్లం తోటల్లో కూలి చేసుకునే మనిషి, ఊరి చివరి వాడ నుంచి బడికి వచ్చే ఒకే ఒక్క పిల్లవాడి తండ్రి. ఆ కాలంలో అలాంటివాళ్ళు పంతులు ముందు ఎలా వంగి మాట్లాడేవారో మీకు తెలుసు. ఆయన వంగలేదు. అరుగు ఎక్కకుండా దూరంగానే నిలబడ్డాడు గాని, గొంతు మాత్రం వీధంతా వినిపించింది. "మా పోరడు ఎవల్ని చూసి రాసిండు పంతులూ? లోపట ఎవ్వలు పక్కకు రానియ్యరని బయట వరండాల ఒక్కణ్ణే కూసోబెట్టిన్రు గద. గోడను చూసి రాసిండా?"

నిజమే, ఆ పిల్లవాడు పరీక్ష రాసింది వరండాలో, మిగతావాళ్ళకు వీపు పెట్టి. వాడి కాగితంలోనూ నలభై ఐదే ఉంది.

ఆ పూటే బడిలో వాడిని పిలిచి, ఆ అంకె ఎక్కడిదని అడిగాను. వాడు భయపడుతూనే వేళ్ళు ముడిచి చెప్పాడు. "సవా తీన్ అంటే మూడుంబావు గద సార్. సాడే తీన్ అంటే మూడున్నర. గట్లయితే పౌనే తీన్ అంటే మూడూ ముప్పావే గద."

వాడి తర్కంలో వెంట్రుక వాసి తప్పు లేదు. ఉర్దూ పావును కలుపుతుంది, సగాన్ని కలుపుతుంది, ముప్పావు దగ్గరికి వచ్చేసరికి మాత్రం చెప్పాపెట్టకుండా పావు తీసేస్తుంది. మన భాషలో తక్కువైతే తక్కువని నోరారా చెబుతాం. మూడూ ముప్పావును పన్నెండుతో గుణిస్తే అక్షరాలా నలభై ఐదు, గుణకారం శుభ్రంగా ఉంది. పరుగున వెళ్ళి నలభై కాగితాలూ బల్ల మీద పరిచి, మార్కుల ప్రకారం కాకుండా, ఎవరింట్లో ఏ భాషో దాని ప్రకారం కుప్పలు పెట్టాను. ఉర్దూ ఇళ్ళ వాళ్ళు, మరాఠీ వాళ్ళు ముప్ఫై మూడు రాశారు. మరాఠీలోనూ ముప్పావును ఇలాగే చెబుతారు. నలభై ఐదు రాసినవాళ్ళంతా తెలుగు, కన్నడం ఇళ్ళ వాళ్ళు. మనవాళ్ళలో ఆ లెక్క సరిగ్గా చేసినవాళ్ళు కొద్దిమందే, వాళ్ళూ ఏదో ఒక దుకాణంలో బట్ట కొలవడం చూసినవాళ్ళే.

ఆ కుప్పలు చంకన పెట్టుకుని హెడ్మాస్టరుగారి గదిలోకి వెళ్ళాను. ఆయన లక్నో వైపు మనిషి, నెమ్మదస్తుడు, పాన్ నమిలితే కూడా చప్పుడయ్యేది కాదు. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు, ఇంట్లో నా జీతం తప్ప ఆధారం లేదు, అయినా ఆ రోజు నాకు భయం వేయలేదు. పేర్లు కొట్టేయదలిస్తే ముందు నా పేరు కొట్టేయండి, పిల్లలు కాపీ కొట్టలేదు, వాళ్ళకు దిద్దడం చేతగాని పంతులు దొరికాడు, అది కూడా రిజిస్టరులో నా చేత్తో నేనే రాస్తాను అన్నాను. ఆయన ఒక్కొక్క కాగితమే చూసి, వేళ్ళ మీద తనూ లెక్క వేసుకుని, చివరికి చిన్నగా నవ్వి, జాబితా చింపేశాడు. కాపీ కొట్టలేదని అంత గట్టిగా ఎలా చెప్పగలవని అడిగాడు. నేను ఛాతీ విరిచి, వీళ్ళలో ఒకడు వరండాలో ఒంటరిగా కూర్చుని రాశాడు సాబ్, అదే రుజువు అన్నాను.

ఆయన నవ్వు ఆగిపోయింది. "బరామదేమే క్యూఁ?" అని అడిగాడు. వరండాలో ఎందుకు?

ఆ తరగతికి పంతులును నేను. వాణ్ణి అక్కడ కూర్చోబెట్టమని ఏ హుకుమూ లేదు. నాకు ముందున్న పంతులు కూర్చోబెట్టాడు, నేను అలాగే ఉండనిచ్చాను. ఆరు నెలలు వాడి పక్కనుంచే లోపలికి వెళ్ళి పాఠం చెప్పాను. తెలుగు పిల్లల తరఫున పోట్లాడడానికి వచ్చిన నేను, ఆ ప్రశ్నకు తల వంచుకుని బయటికి వచ్చాను.

ఇప్పుడు ఆ బడిలో ఉర్దూ ఒక పక్క, తెలుగు ఒక పక్క, ఇంగ్లీషు అన్నింటికీ పైన. గజాలు పోయి మీటర్లు వచ్చాయి, పౌనే సవాల గొడవ పిల్లలకు లేనే లేదు. అందరూ బెంచీల మీదే కూర్చుంటారు, అది చూసినప్పుడు నాకు నిజంగా సంతోషం వేస్తుంది. కానీ ఫలితాలు రాగానే, ఎలాంటి ఇళ్ళ పిల్లలని అడిగేవాళ్ళే తప్ప, ఏ తప్పు చేశారు, ఎందుకు చేశారు అని కాగితం తిప్పి చూసేవాడు ఇప్పటికీ కనబడడు. అందుకే అరుస్తాను. ఇక ముందూ అరుస్తాను, మా కోడలు ఏమన్నా సరే.

హెడ్మాస్టరుగారు ఆ ప్రశ్న అడిగిన మర్నాడు, హాజరు పిలవకముందే వరండాలోకి వెళ్ళి, లోపలికి వచ్చి ముందు వరుసలో కూర్చోమని ఆ పిల్లవాడితో చెప్పాను. వాడు లేచి గుమ్మందాకా వచ్చి ఆగిపోయాడు. పలక కింద పెట్టి, దెబ్బలకోసం రెండు చేతులూ నా ముందుకు చాచాడు.