పడమటి గోడలో కన్నాలు

వాన పడుతుందని ఫోన్ చూపించిన ప్రతిసారీ నేను మేడెక్కి పడకగది గోడ తడిమి చూసేదాన్ని. నాటింగ్‌హామ్‌లో ఫోన్ ఆ మాట చెప్పని రోజులు తక్కువ. వాన పడమటి నుంచే కొడుతుంది. మేం కొనుక్కున్న ఇంట్లో పడకగదుల కిటికీలన్నీ ఆ పడమటి గోడకే. మా అమ్మాయి గదిలో, కిటికీ పైన, మొదట అరచేతంత చెమ్మ కనిపించింది. తుడిచి రంగు వేశాం. మరక మళ్ళీ వచ్చింది, ఈసారి నల్లటి బూజును వెంటేసుకుని.

బూజు వచ్చాక పిల్లకు పిల్లికూతలు మొదలయ్యాయి. పడుకుంటే డొక్కలు ఎగరేసేది. నేను నర్సుని. ఊపిరాడని వాళ్ళను చూసుకోవడం నా ఉద్యోగం. అయినా సొంత బిడ్డ గొంతు కింద గుంట పడుతుంటే నేను నేర్చిందేదీ అక్కరకు రాలేదు. మా జీపీ డాక్టరమ్మ ఇన్‌హేలర్ మార్చి, గది పొడిగా ఉంచమని చెప్పింది. నాకు ఒళ్ళు మండింది. గది పొడిగా ఉంచడం నా చేతనైతే ఆవిడ దగ్గరికి ఎందుకు వెళ్తాను?

పిలిచిన బిల్డర్లలో ఒకడు వస్తానని రాలేదు. ఇంకొకడు గోడను చూసి తలాడించి, వేసవి దాకా ఖాళీ లేదన్నాడు. దాంతో మా ఆయనే నిచ్చెన కొన్నాడు. కంప్యూటరు ముందు తప్ప ఎక్కడా కుదురుగా నిలబడని మనిషి, వీడియోలు చూసి, సందుల్లో జిగురు కూరే సీలెంట్ గన్ పట్టడం నేర్చుకున్నాడు. కిటికీ ఫ్రేముల చుట్టూ, సిమెంటు రాలిన చోటల్లా పట్టించాడు.

మా చర్చికి వచ్చే గుంటూరు అంకుల్ ఒకాయన ఆదివారం టీకి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని గోడంతా పరికించాడు. కిటికీల పైన, ఇటుకకీ ఇటుకకీ మధ్య, అక్కడక్కడా సిమెంటు అసలు పెట్టని నిలువు సందులున్నాయి.

"ఏందయ్యా ఇది? మేస్త్రి బద్ధకించి వదిలేసినట్టున్నాడే. ఇంటికి కన్నం ఉంచుకోకూడదు. మన ఊళ్ళో అయితే ఈపాటికి జెర్రులు కాపురం పెట్టేవి."

"దొరికాడు దొంగ," అన్నాడు మా ఆయన. ముఖం వెలిగిపోయింది. నాకూ ప్రాణం లేచొచ్చింది. తేలుకో చీమలకో భయపడి, గోడలో కన్నం కనబడితే చేతిలో ఏదుంటే అది కుక్కే ఇళ్ళలో పెరిగాం ఇద్దరమూ. సాయంత్రానికి ఒక్క సందు మిగల్లేదు.

కింద గడ్డిలో నిలబడి చూస్తున్న మా అమ్మాయి, "డాడీ, ఆల్ ది హోల్స్ క్లోజ్డ్?" అని అడిగింది.

"అన్నీ మూసేశాను తల్లీ. ఇక వాన నీ గదిలోకి రాదు."

అప్పట్నుంచీ వాన చప్పుడు వినిపిస్తే చాలు, పిల్ల అదే ప్రశ్న అడిగేది. ఆయన అదే జవాబు చెప్పేవాడు. అది విన్నాకే కళ్ళు మూసుకునేది.

వాన మాత్రం ఆయన మాట వినలేదు. మరక తలుపంత అయింది. కిటికీ పైనుంచి చుక్కలు పడుతుంటే కింద బేసిన్ పెట్టాం. ఎక్కడో ఇంకో సందు మిగిలిందని ఆయన మళ్ళీ నిచ్చెన ఎక్కాడు. మూసిన చోటే మళ్ళీ మూశాడు. ఎంత మూస్తే అంత తడి. పిల్లను కింద హాల్లో సోఫా మీదికి మార్చాం. బూజు వాసన కూడా మెట్లు దిగి వచ్చింది. నేను ప్రార్థన చేశాను. దేవుడి మీద కోప్పడ్డాను. మా ఆయన మీద ఇంకా ఎక్కువ కోప్పడ్డాను.

"ఈ ఇల్లే కావాలని పట్టుబట్టింది నువ్వు," అన్నాడాయన.

"మీరింక గోడలేం మూయొద్దు. నోరు మూసుకోండి, చాలు," అన్నాను.

ఒక ఉదయం ఆయాసం ఇన్‌హేలర్‌కి లొంగలేదు. పెదాలు నీలం తిరిగాయి. అంబులెన్సులో మాస్కు వెనక నుంచి పిల్ల నన్నే చూస్తూ ఉంది, నర్సమ్మవి కదా, ఏదో ఒకటి చెయ్యి అన్నట్టు. వార్డులో చేర్చుకున్నారు. మా ఆయనను దగ్గరుంచి, బట్టలు తెద్దామని నేను బస్సెక్కాను.

దిగేసరికి జోరు వాన. మా ఇల్లూ, ఆనుకుని ఉన్న పక్కిల్లూ ఒకే బిల్డర్ ఒకేలా కట్టినవి. తాళం తీయబోతూ తలెత్తాను. పక్కింటి కిటికీల పైనున్న సందుల్లోంచి నీళ్ళు బయటికి కారుతున్నాయి, సన్నగా, ఆగకుండా. మా సందుల్లోంచి చుక్క లేదు. సీలెంట్ ముద్దలు తెల్లగా నిగనిగలాడుతున్నాయి.

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. వానాకాలంలో మా అమ్మ నన్ను డాబా మీదికి తరిమేది, తూముకు అడ్డంపడ్డ వేపాకులు తీసి రమ్మని. తూము పూడితే పైన నీళ్ళు నిలిచి ఇంట్లోకి దిగుతాయని నాకు పిల్లప్పుడే తెలుసు. ఇక్కడి గోడలు రెండు పొరలనీ, మధ్యలో ఖాళీ ఉంటుందనీ ఇల్లు కొన్నప్పుడు తనిఖీకి వచ్చిన సర్వేయర్ చెప్పనే చెప్పింది. బయటి పొరలోంచి ఇంకిన వాన ఆ ఖాళీలోకి జారి, బయటికి పోవలసిన దారి ఈ సందులే. మేం మూసినవి కన్నాలు కావు, తూములు. మొదటి మరక దేనివల్లో గానీ, ఆ నీళ్ళను గోడలో బంధించి, నా బిడ్డ గదిలోకి మేమే తోలాం.

నిచ్చెన వేశాను. కింద పట్టుకునేవాళ్ళు లేరు. కూరగాయల కత్తితో సీలెంట్‌ను చీల్చి పెరికాను. మట్టిరంగు నీళ్ళు నా చేతి మీదుగా మోచేతి దాకా కారాయి. అదే బూజు వాసన. నిచ్చెన మీదే గట్టిగా ఏడ్చాను. ఆఖరి సందు దాకా తెరిచాకే దిగాను.

తడిబట్టలతోనే వార్డుకు వెళ్ళాను. కిటికీ అద్దాల మీద వాన కొడుతోంది. పిల్ల మాస్కు పక్కకి జరిపి, మాట మాటకీ ఆగుతూ అడుగుతోంది.

"డాడీ, ఆల్ ది హోల్స్ క్లోజ్డ్?"

"అన్నీ..." అని మొదలుపెట్టాడాయన.

"లేదమ్మా," అన్నాను. "అన్నీ తెరిచేసి వచ్చాను."

మంచి మాటే చెప్పాననుకున్నాను. పిల్ల నన్ను చూసింది, కిటికీని చూసింది, భయంతో వెక్కి వెక్కి ఏడవడం మొదలుపెట్టింది. ఆ ఏడుపుకి ఊపిరి మళ్ళీ బిగుసుకుంది. నర్సు పరుగున వచ్చి, నన్ను మంచం పక్కనుంచి తప్పుకోమంది.