ఇద్దరు కలిసి ఉన్నప్పుడే చెల్లును

ప్రకాశం జిల్లా కొత్తగా ఏర్పడిన ఆ రోజుల్లో, మీది ఏ జిల్లా అని ఎవరైనా అడిగితే మా గిద్దలూరువాళ్ళం కాస్త తడబడేవాళ్ళం. నోరు అలవాటుగా కర్నూలు అనేది, ఆఫీసు కాగితాలేమో ఒంగోలు అనేవి. ఎక్కడివాణ్ణో తేలని ఆ పరిస్థితి నాకు ఇంట్లోనూ ఉండేది. మార్కాపురంలో మా నాయన బట్టల దుకాణం వదిలి గిద్దలూరు వచ్చి ఒక ఆఫీసులో గుమాస్తాగా చేరాను. గల్లాపెట్టె దగ్గర కూర్చోవలసిన కొడుకు ఇంకొకరి దగ్గర జీతానికి కుదిరాడన్న కోపంతో ఆయన నాతో మాట్లాడటం మానేశాడు. నాకంటూ మిగిలినవి ఒక అద్దె గది, ఒక కిరసనాయిలు స్టవ్వు, దానితో చెప్పుకొనే కబుర్లు. (అప్పుడప్పుడు అది బుస్సుమని జవాబు కూడా చెప్పేది.) ఆదివారం వస్తే రైల్వే స్టేషనుకు పోయి, ఎవరెవరో బండి ఎక్కుతుంటే చూసి, అయినవాళ్ళను సాగనంపినంత తృప్తితో గదికి తిరిగొచ్చేవాణ్ణి.

మా ఆఫీసు టైపిస్టును అందరూ టైపు బావ అనేవాళ్ళం. ఆయనే ఒకనాడు నా బల్ల దగ్గరికి వచ్చి, "హైదరాబాదు పోదాం రా అబ్బీ! టూరిస్టులకు పాసు ఇస్తారంట. ఒక్క పాసు కొంటే ఇద్దరం రెండు దినాలు సిటీ బస్సుల్లో యాడికైనా తిరగొచ్చు. జూ, కోట అన్నీ సగం ధరకే" అన్నాడు. నగరం కంటే కూడా, పక్కన ఒక మనిషి ఉండే రెండు రోజుల మీద నాకు ఆశ పుట్టింది. తెలిసినవాళ్ళ ద్వారా పాసు ముందే తెప్పించాం. తీరా బయలుదేరే రోజు బావ బస్టాండుకు సంచీ లేకుండా వచ్చాడు. "మా అత్తగారి బర్రె తప్పిపోయిందంట, నేను ఎతకడానికి పోవాల. నువ్వు పో. పాసు దండగ చేసుకోవద్దు" అన్నాడు. ఒక బర్రె ముందు నా స్నేహం ఓడిపోయింది.

హైదరాబాదులో దిగి సిటీ బస్సెక్కి పాసు చూపించాను. కండక్టరు దాన్ని తిప్పి వెనకవైపు చూపించాడు. 'ఇద్దరు కలిసి ఉన్నప్పుడే చెల్లును' అని ఉంది. "రెండో ఆయన ఏడి?" అన్నాడు. "వెనకాల వస్తున్నాడు" అన్నాను. "అయితే నువ్వు గూడ ఆ వెనకాల బస్సులనే రా" అని దించేశాడు. దారి అడుగుతూ జూ దాకా నడిచాను. అక్కడ గేటతనూ అదే మాట. మామూలు టికెట్టు కొనడానికి నాలోని దుకాణదారుడి కొడుకు ఒప్పుకోలేదు. కొత్తగా పెళ్ళయిన జంట ఒకటి కనిపిస్తే దగ్గరకు పోయి, "మీలో ఒకరు నాతో వస్తే మనలో ఇద్దరికి సగం ధర పడుతుంది" అని లెక్క విడమరిచి చెప్పాను. ఆ భర్త నా వైపు చూసిన చూపు వివరించను. ఆ తర్వాత చాలాసేపు నేను ఆ గేటుకు కాస్త దూరంగానే నిలబడ్డాను. లోపల జంతువులకు కూడా జతలున్నాయి. బయట నేనొక్కణ్ణే.

"ఏంది నాయనా, పొద్దుటి నుంచి అట్ల తిరగతాండావు?"

మా వైపు యాస! తిరిగి చూస్తే గోడ నీడలో ఒక పెద్దామె. బేస్తవారిపేట దగ్గర పల్లె. కరువులో మేకల్ని అమ్మేసి, మేస్త్రీ పనికి వచ్చిన బంధువులకు వండిపెట్టడానికి వాళ్ళతో వచ్చిందట. "ఆళ్ళు పనికి పోతే మాపటి దాకా నేనూ ఆ గుడిసే" అంది. నా గోడు విని, చెంగు దులుపుకొని లేచింది. "ఈమె నీకేమైతది?" అని గేటతను అడిగితే నేను నోరు తెరిచేలోగా, "తల్లిని. మొగం చూస్తే తెలీలా?" అని గదమాయించింది. (నేను పొడుగు, తెలుపు. ఆమె పొట్టి, నలుపు. అతను ఇద్దరినీ మార్చి మార్చి చూసి గేటు తెరిచాడు.)

జిరాఫీ దగ్గర పెద్దమ్మ చాలాసేపు నిలబడిపోయింది. "ఇదైతే మా కరువులో బతికేది నాయనా. చెట్టు కొన అందుకునేది. నా మేకలకు మెడలు చాలలా" అంది. నవ్వబోయి ఆమె ముఖం చూసి ఊరుకున్నాను. సాయంత్రం విడిపోతుంటే, "రేపు కూడా ఉంటది గదా నీ పాసు?" అని అడిగింది.

మర్నాడు ఆమె ఉతికిన చీర కట్టుకుని, సద్ద రొట్టెలు మూట కట్టుకుని వచ్చింది. ఆ రోజు జూకు సెలవు. కోటకు పోదామంటే మోకాళ్ళు పట్టేశాయంది. మ్యూజియం అంటే, "కదలని బొమ్మల్ని ఏం జూస్తాం?" అంది. అందుకని రెండంతస్తుల బస్సెక్కి పైన ముందు సీట్లో కూర్చున్నాం. ఆఖరి స్టాపు దాకా పోవడం, తిరిగి అదే బస్సులో రావడం. కండక్టరు ప్రతిసారీ పాసు అడిగేవాడు, నేను మహారాజులా చూపించేవాణ్ణి. రొట్టె తుంచి ఇస్తూ ఆమె నా సంగతులు అడిగింది. నాయన మాట్లాడటం లేదని చెప్పాను.

"నువ్వు మాట్లాడినావా?"

"లేదు."

"మరి ఆయనా అదే అనుకుంటాంటాడు గదా, కొడుకు పలకలేదని!"

ఈ ముక్క నాకెందుకు తోచలేదో తెలియలేదు. కిటికీలోంచి కిందనున్న జనం తలకాయలు చూస్తూ కూర్చున్నాను.

నన్ను బస్టాండు దాకా సాగనంపింది. నంద్యాల బస్సు కండక్టరును పట్టుకుని, "మా పిల్లోడు శానా దూరం పోతాడు, కిటికీ కాడ సీటియ్యి సామీ" అని బతిమాలింది. అతను ఇచ్చాడు. బస్సు కదిలాక గాని ఆమె పేరు అడగలేదన్న సంగతి గుర్తు రాలేదు.

నంద్యాలలో బస్సు మారాను. గిద్దలూరులో దిగకుండా నేరుగా మార్కాపురం పోయి దుకాణం ముందు నిలబడి, "నాయనా, హైదరాబాదు పోయొచ్చినా" అన్నాను. ఆయన బట్ట మడత పెడుతూనే ఉన్నాడు. మడత అయిపోయాక, తలెత్తకుండా, "ఏం జూసినావు?" అన్నాడు. "బస్సులు" అన్నాను. ఆయన భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడని తెలియడానికి నాకు కాస్త సమయం పట్టింది.

తర్వాత ఎన్నో ఊళ్ళు తిరిగాను, భార్యాపిల్లలతో, పెట్టెలతో, రిజర్వేషన్లతో. కిటికీ సీటు ఎప్పుడూ పిల్లలదే, ఇప్పుడు మనవళ్ళది. నేను నడవ పక్కన కూర్చుని, వాళ్ళ తలల మీదుగా మెడ సాచి బయటికి చూస్తుంటాను. నా కోసం ఆ సీటు అడిగిన మనిషి ఈ లోకంలో ఒకతే. ఆమె పేరు కూడా నాకు తెలియదు.