మా మూలపురుషుడి రెండో కొడుకు

నా చిన్నప్పుడు మా అక్క పెళ్లి పీటల దాకా రాకుండానే ఆగిపోబోయింది. మాది హోసూరు పక్కన తెలుగు క్రైస్తవ కుటుంబం. పెళ్లి కుదిరితే ఆదివారం చర్చి పూజలో స్వాములవారు, అంటే ఫాదరు, ఇద్దరి పేర్లూ చదువుతారు. అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పాలి. అక్క పేరూ, కావేరిపట్టణం అబ్బాయి పేరూ చదివారో లేదో, నోరు ఊరుకోని పెద్దాయన ఒకడు లేచాడు. ఈ రెండిళ్లూ ఒకే మూలపురుషుడి ఇద్దరు కొడుకుల సంతతి, వీళ్లు అన్నాచెల్లెళ్ల వరస అవుతారన్నాడు. ఎప్పుడో విడిపోయిన ఇళ్లు, మా తాతకే ఆ సంగతి తెలియదు. అబ్బాయి వాళ్ల అవ్వ ఆ పూజకని వచ్చి, అక్కడే ఉండి కూడా నోరు మెదపలేదు. వరస తేలేదాకా పెళ్లి లేదన్నారు స్వాములవారు.

అక్క అన్నం మానేసింది. తాత నన్ను వెంటబెట్టుకుని కృష్ణగిరి అవతల, మూలపురుషుడు బతికిన ఊరి పాత గుడికి బయలుదేరాడు. ఒంటరిగా పోవడానికి ధైర్యం చాలలేదని ఇప్పుడు అనుకుంటాను. బస్సులో పైపంచె కొస నలుపుతూనే ఉన్నాడు.

ఫ్రెంచి స్వాములు లాటిన్‌లో రాసిపెట్టిన జ్ఞానస్నానాల, అంటే బాప్తిస్మాల, పుస్తకాలను అక్కడి స్వాములవారు చదివి చెప్పారు. మా ఇంటికి మూలమైన పెద్దకొడుకు పుట్టుక, తల్లిదండ్రుల పేర్లు సరిగానే ఉన్నాయి. అబ్బాయి వాళ్ల ఇంటికి మూలమైన రెండోవాడు మాత్రం కరువులో, కాస్త పెద్దయ్యాక జ్ఞానస్నానం పొందాడు. తల్లిదండ్రుల పేర్లు లేవు. జ్ఞానతండ్రిగా, అంటే బిడ్డ విశ్వాసానికి పూచీపడేవాడిగా, నిలబడింది మా మూలపురుషుడే.

"కన్నోడు తన బిడ్డకు జ్ఞానతండ్రిగా నిలబడడు గదప్పా. ఈ పిల్లోణ్ణి తెచ్చి సాకినాడు" అన్నారు స్వాములవారు.

పెళ్లికి అడ్డు తొలగిందని నేను గెంతబోయి, తాత ముఖం చూసి ఆగిపోయాను. ఇప్పుడు ఆ ఇంటికి పోయి, మీ వంశానికి పెద్ద ఎవరి బిడ్డో తెలియదని చెప్పాలి. చెబితే వాళ్లు అవమానపడి సంబంధమే వద్దనొచ్చు. చెప్పకపోతే పెళ్లే లేదు.

కావేరిపట్టణంలో ఆ అవ్వ మజ్జిగ ఇచ్చింది. తాత చెంబు పట్టుకుని నసుగుతూ నసుగుతూ ఎలాగో చెప్పాడు. ఆమె తొణకలేదు.

"మాకు తెలుసప్పా. మా మామ చెప్పినాడు. అందుకే మీ పిల్లను అడిగినాము."

"మరి ఆ పొద్దు గుడిలో చెప్పుంటే సరిపోయేది గదమ్మా?"

"యాడ చెప్పేది? సాకినాయన మాకు తండ్రి కాదని అందరి ముందర మేమే చెప్పల్లా? ఈ పెండ్లి పోతే ఇంకో పెండ్లి వస్తుంది."

తాత చెంబు కింద పెట్టి పైపంచెతో కళ్లు ఒత్తుకున్నాడు. మరుసటి ఆదివారం స్వాములవారు అడ్డేమీ లేదని మాత్రమే చదివారు. కారణం చెప్పమని ఆ పెద్దాయన నిలదీస్తే, "వరస నేను చూసుకున్నాను, కూర్చోప్పా" అన్నాడు తాత. అక్క పెళ్లి జరిగింది.

ఇప్పుడు మా మనవరాలు సెల్‌ఫోనులో వంశవృక్షం తయారు చేస్తోంది. మొన్న మూలపురుషుడి దగ్గరికి వచ్చి, ఆయనకు ఎంతమంది కొడుకులని అడిగింది. ఇద్దరని చెప్పాను.