చూడకుండా పెట్టిన మూడు టిక్కులు

ఉదయం ఆరున్నరకు నా ఫోన్ స్టీలు మూత మీద గలగలమంటుంది. వంటింట్లో ఉన్నా వినబడాలని దాన్ని ఆ మూత మీద పెట్టడం ఐదేళ్లుగా అలవాటు. ఎవరో ఒకరు గులాబీ పువ్వు బొమ్మతో శుభోదయం పంపి ఉంటారు. ఆ చప్పుడు వినగానే చేతిలో గరిటె ఆగిపోతుంది. పంపింది ఎవరో చూస్తాను. చూశాక కూడా నాకు తేలిక కాదు. సందేశం వచ్చినంత మాత్రాన అవతల మనిషి ఉన్నట్టు కాదు. ఈ సంగతి నాకు యాభై రెండేళ్ల కిందటే నేర్పిన మనిషి ఉండేది. పేరు సత్యవతి గారు. నేర్చుకున్నాననే అనుకున్నాను.

దేశ రాజధానిలో, అశోకా రోడ్‌లోని ఒక ప్రభుత్వ కార్యాలయంలో, రికార్డు గదిలో గుమాస్తాగా చేరేనాటికి నాకు ఇరవై రెండేళ్లు. ఆ గదికి సత్యవతి గారు అధికారి. ఆవిడకు ముప్పై నాలుగు. కాకినాడ వైపు మనిషి. పొడుగ్గా ఉండేది, మాట పొట్టి. చేరిన నెలలోనే ఫైళ్ల తనిఖీ వచ్చింది. పదమూడు వందల నలభై ఫైళ్ల జాబితా నా చేతికిచ్చింది. పోయిన ఏడాది జాబితా పక్కన పెట్టుకుని, కుర్చీలోంచి లేవకుండా, వరసగా టిక్కులు పెట్టి ఇరవై నిమిషాల్లో తీసుకెళ్లి ఇచ్చాను. ఆవిడ కాగితం వైపు చూడలేదు. సొరుగు లాగి తాళాల గుత్తి బల్ల మీద పెట్టింది.

"బీరువాల తాళాలు పొద్దుటినుంచీ నా దగ్గరే ఉన్నాయే. దేన్ని చూసి పెట్టావు?"

"పోయినేడు అన్నీ ఉన్నాయి కదా మేడమ్. ఎక్కడికి పోతాయి?"

"పోయినేడు మా ఆయన కూడా ఉన్నాడు," అంది.

ఆ గొంతులో కోపం లేదు, అందుకే నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆయన పోయి అప్పటికి ఎనిమిది నెలలని తరువాత తెలిసింది. "ప్రతి ఫైలూ చేత్తో తాకు. తాకాకే టిక్కు పెట్టు," అంది. నాలుగు రోజులు పట్టింది. పదకొండు ఫైళ్లు లేవు. ఆ పదకొండు టిక్కులనూ రబ్బరుతో చెరపబోతే నా చెయ్యి పట్టుకుంది. "రికార్డులో తప్పు చెరపకూడదు. ఒక్క గీత కొట్టు. కింద తప్పు కనబడుతూనే ఉండాలి. పక్కన సరైనది రాసి, సంతకం పెట్టి, తేదీ వెయ్యి." ఉద్యోగమంతా ఆ పద్ధతిలోనే నడిచాను. ఇంటి పాలలెక్క కూడా అలాగే దిద్దేదాన్ని.

ఆఫీసు బయట కూడా ఆవిడది అదే తీరు. నగరం అంచున వైశాలిలో మేము ఫ్లాట్ కొన్నప్పుడు గృహప్రవేశానికి తెలుగువాళ్ల ఇళ్లకు వెళ్లి బొట్టు పెట్టి పిలిచాను. భర్త లేని మనిషికి బొట్టు పెట్టకూడదని మా అత్తగారి పట్టుదల. పెట్టకుండా గుమ్మంలోకి వెళ్లి రావడానికి నాకు ముఖం చెల్లలేదు. అప్పటికి ఆవిడకు వేరే భవనానికి బదిలీ అయింది. ఆ వంకతో ఫోన్ చేసి పిలిచాను.

"ఫోన్‌లో పిలిచావుగా, ఫోన్‌లోనే వస్తాలే," అని పెట్టేసింది.

మర్నాడు కుంకుమ భరిణె పట్టుకుని వెళ్లాను. తలుపు తీసి, నా చేతి వంక చూసి, "మీ అత్తగారికి తెలుసా?" అంది. తెలియదన్నాను. "అయితే వద్దు. దొంగచాటు బొట్టు నాకెందుకు? చెప్పి రా." ఇంటికి వచ్చి చెప్పాను. అత్తగారు రెండు రోజులు అన్నం మానేసింది. మూడో రోజు మళ్లీ వెళ్లి, ఆవిడ నుదుట బొట్టు పెట్టి పిలిచాను. గృహప్రవేశానికి అందరికంటే ముందు వచ్చి, నేరుగా మా అత్తగారి దగ్గరకు వెళ్లి, "నన్ను మీరే పిలిచారనుకుంటాను, పిన్నిగారూ," అని పక్కనే కూర్చుంది. అత్తగారు కాసేపటికి జరిగి చోటిచ్చింది.

రిటైరయ్యాక ఆవిడ కూడా వైశాలికే వచ్చింది. మా ఫ్లాట్ నుంచి ఆవిడ లిఫ్టు దాకా రెండు వందల పది అడుగులు. ఆవిడకు పిల్లలు లేరు. నేనూ ఒంటరిదాన్నయ్యాను. ఆదివారం ఆదివారం ఆవిడే కర్ర పట్టుకుని వచ్చి, నా కాఫీ తాగి, వంక పెట్టి వెళ్లేది. ఐదేళ్ల కిందట మా తెలుగు పెద్దవాళ్లలో ఒకాయన ఇంట్లో పడిపోతే సాయంత్రం దాకా ఎవరికీ తెలియలేదు. అప్పుడు నేనే ఏర్పాటు చేశాను. ఒంటరిగా ఉంటున్న పద్నాలుగు మందీ ఉదయం ఏడులోపు గ్రూపులో శుభోదయం పెట్టాలి. నేను రిజిస్టర్‌లో టిక్కు పెడతాను. టిక్కు పడనివాళ్ల ఇంటికి మనిషిని పంపుతాను.

"పంపడమెందుకు, నువ్వే వెళ్లి తలుపు తట్టు," అంది సత్యవతి గారు.

"పొద్దున్నే పద్నాలుగు తలుపులు తడితే నన్ను దొంగ అనుకుంటారు మేడమ్. నా మోకాళ్ల సంగతి మీకు తెలుసు."

"దొంగ నయం. ఇంట్లో మనిషి ఉన్నదీ లేనిదీ కళ్లతో చూసుకుంటాడు."

అందరూ నవ్వారు. రిజిస్టర్ మొదలైంది. నాలుగేళ్లు ఒక్క రోజు తప్పలేదు. ఆ మాట గొప్పగా చెప్పుకునేదాన్ని.

నిరుడు శీతాకాలం మొదట్లో ఆవిడ కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. మేనకోడలు వచ్చి మూడు రోజులుండి వెళ్లింది. ఆ ఆదివారం నేనే చూడ్డానికి వెళ్లాను. నల్లకళ్లద్దాలు పెట్టుకుని కూర్చుని ఉంది.

"డాక్టర్ వారం పాటు ఫోన్ చూడొద్దన్నాడే. అయినా నీ రిజిస్టర్‌కి లోటు రాదులే. మా మేనకోడలు ఏదో యాప్ పెట్టి, వారానికి సరిపడా శుభోదయాలు అందులో పేర్చి పోయింది. ఆరున్నర కొట్టగానే దానంతటదే వెళ్తుందట. నేను పోయినా నీకు టిక్కు పడుతుంది."

"ఊరుకోండి మేడమ్. పనమ్మాయి వస్తోందిగా?"

"వాళ్ల ఛఠ్ పూజ పండక్కి ఊరెళ్లింది. శుక్రవారం దాకా రాదు."

"అయితే రేపు నేనొస్తాను," అన్నాను.

సోమవారం పొద్దున కిటికీ తీస్తే ఎదురు భవనం కనబడలేదు. అంత పొగ. ఆయాసం ఉన్న నన్ను ఆ గాలిలో బయటికి వెళ్లొద్దని డాక్టర్ ఎప్పుడో చెప్పాడు. ఆరున్నరకు మూత గలగలమంది. ఆవిడ గులాబీ. అది యంత్రం పంపిందని గ్రూపులో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. అయినా చెయ్యి అలవాటుగా టిక్కు పెట్టింది. టిక్కు పడ్డాక మనసుకీ నిజమే అనిపించింది. కళ్లకు విశ్రాంతి, పడుకుని ఉంటుంది, లేపడం ఎందుకని ఫోనూ చేయలేదు. మంగళవారం పొగ ఇంకా ముదిరింది. టిక్కు. బుధవారం, టిక్కు.

గురువారం పొద్దున ఆరు దాటాక కింది కాపలా మనిషి ఫోన్ చేశాడు. "ఆంటీజీ, మేడమ్ కే దర్వాజే పే చార్ అఖ్‌బార్ పడే హైఁ."

గుమ్మంలో నాలుగు రోజుల పేపర్లు. శాలువా కప్పుకుని బయలుదేరాను. రెండు వందల పది అడుగులూ మోకాళ్లు నొప్పి పెట్టలేదు. ఆయాసమూ రాలేదు. కాపలా మనిషి ఇంకో ఇద్దరితో తాళం విరగ్గొట్టాడు. స్నానాలగది గుమ్మం దగ్గర ఆవిడ పక్కకు ఒరిగి ఉంది. ఒక చెయ్యి తలుపు వైపు చాచి ఉంది. నేను వంగి ఆ చేతిని తాకాను. అప్పుడే నా రెండో చేతిలో ఫోన్ అదిరింది. గులాబీ.

డాక్టర్ వచ్చి చూశాడు. ఆదివారం రాత్రో, సోమవారం తెల్లవారుజామునో పడి ఉంటుందన్నాడు. "పడగానే పోలేదమ్మా, కొంత సమయం..." అంటూ నా ముఖం చూసి ఆగాడు. ఎంత సమయం అని నేను అడగలేదు. జీవితమంతా ప్రతిదానికీ ఎన్ని, ఎంత, ఎప్పుడు అని అడిగిన మనిషిని, ఆ ఒక్కటి అడగలేకపోయాను.

ఇప్పుడు పదమూడు గుమ్మాలకూ నేనే వెళ్తున్నాను. "మెసేజ్ పెట్టాను కదా ఆంటీ, మళ్లీ ఎందుకు," అని ఒకరిద్దరు తలుపు సందులోంచి విసుక్కుంటారు. వాళ్ల ముఖం చూశాకే టిక్కు పెడతాను. రిజిస్టర్‌లో నా పేరు లేదు. రాసేది నేనే కనుక అప్పట్లో ఆ ఆలోచన రాలేదు. నా గుమ్మానికి వచ్చి చూసేది ఆవిడ ఒక్కతే.

ఆ పేజీ మాత్రం రోజూ తీస్తాను. మూడు టిక్కులనూ చెరపలేదు. వాటి మీద ఒక్కొక్క గీత కొట్టాను, కింద తప్పు కనబడేలా. పక్కన సంతకం పెట్టి తేదీ వేశాను. మధ్యలో సరైనది రాయాలి. ఆ మూడింటిలో ఏ ఉదయం ఆవిడ ఇంకా ఊపిరితో ఉండి నా అడుగుల కోసం తలుపు వైపు చూసిందో, ఏ ఉదయానికి లేదో తెలిస్తే గాని రాయలేను. ఆ చోటు ఖాళీగా ఉంది.